గిటార్‌కు పెట్టిన నగలు

మా ఆయన గిటార్ అమ్మేద్దామన్న పూట ఇడ్లీ పిండి పొంగి ఫ్రిజ్ అరల నిండా కారిపోతే, నేను కింద కూర్చుని తుడుస్తున్నాను. ముందే మంట మీద ఉన్నాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, హెడ్‌ఫోన్స్ మెడకు తగిలించుకుని, "ఆ గిటార్ అలమారా పైన ఊరికే పడుంది. అమ్మేస్తే అక్కడ ఎయిర్ ఫ్రయర్ పెట్టుకోవచ్చు" అన్నాడు. మూలనపడ్డ కూలర్ గురించి చెప్పినట్టు చెప్పాడు.

"యాడికి అమ్మేది? ఊరికుండు" అన్నాను.

నాది కడప. పుప్పాలగూడలో కాపురం పెట్టి చాలా కాలమైంది కాబట్టి మామూలప్పుడు నా మాటలో అన్ని జిల్లాలూ కలిసే ఉంటాయి. కోపమొస్తే మాత్రం కడప ఒక్కటే మిగులుతుంది. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఒక అడుగు వెనక్కి వేసి, "వాయించేదెవరు చెప్పు?" అని మెల్లగా అన్నాడు. తర్వాత మీటింగ్ ఉందని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

వాయించాల్సింది ఆయనే. మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేసే రోజుల్లో, అమ్మను పరిచయం చేస్తానని నన్ను బోరబండలోని వాళ్లింటికి తీసుకెళ్లి, నేరుగా డాబా ఎక్కించాడు. ఆయనకు మాటలు రావు. అప్పటికి నాచేత ఎన్ని కాఫీలు తాగించాడో లెక్కలేదు గాని, అసలు మాట మాత్రం నోరు దాటి రాలేదు. ఆ రోజు డాబా మీద, వాళ్లమ్మ ఎండబెట్టిన మిరపకాయల పక్కన చిన్న స్పీకర్ డబ్బా పెట్టి, నల్లటి ఎలక్ట్రిక్ గిటార్ భుజానికి తగిలించుకుని వాయించడం మొదలుపెట్టాడు. మధ్యలో లోకల్ రైలు వచ్చింది. ఆ చప్పుడులో ఇంకేమీ వినబడదు కదా, ఆపేశాడు. రైలు వెళ్లిపోయేదాకా నా వైపు చూసి నవ్వుతూ నిలబడి, సరిగ్గా ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు. నేను పడిపోయింది ఆ అందుకోవడానికే. ఆ పాట ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడాయన మేనేజరు. పొద్దస్తమానం హెడ్‌ఫోన్స్‌లోనే బతుకుతాడు. ఎక్కడెక్కడి వాళ్లతోనో గంటలు గంటలు మాట్లాడి, బయటికొచ్చి మాతో "అన్నం అయిందా?" అంటాడు, అంతే. ఆ గిటార్ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ డాబా మీది మనిషి ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తాడని నాకొక ఆశ ఉండేది. అదీ పోతే మిగిలేది హెడ్‌ఫోన్స్ మనిషే. నాకు నిజంగానే భయం వేసింది.

ఈ మాట ఆయనతో అంటే నవ్వుతాడు. పైగా మా ఇంట్లో నేను నేరుగా అడిగి సాధించినవి తక్కువ, అడ్డదారిలో సాధించినవే ఎక్కువ. అందుకని రాత్రి భోజనాల దగ్గర చాలా మంచిదానిలా మొహం పెట్టి, "సరే, అమ్మేద్దాం. కానీ ఆ తుప్పు మొహంతో పెడితే ఎవడు కొంటాడు? కాస్త ముస్తాబు చేసి ఫోటోలు తీద్దాం. పని నాకొదిలెయ్యండి" అన్నాను. మేమిద్దరమే ఉంటే నేను ఆయన్ని 'నువ్వు' అంటాను. అత్తమ్మ ఎదురుగా ఉంటే 'మీరు'. ఆ 'మీరు' వినబడితే తన మీద ఏదో కుట్ర జరుగుతోందని ఆయనకు ఈపాటికి తెలిసి ఉండాలి. కానీ వేరేవాళ్లు చేస్తానన్న పని ఏదైనా మా ఆయనకు సమ్మతమే. పప్పు కలుపుకుంటూ తల ఊపాడు.

నా పథకం సాగదీయడం. ముస్తాబు పేరు చెప్పి నెలలు గడిపితే అమ్మే సంగతే మర్చిపోతాడు. ఇన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం చేసి చిన్న పనిని పెద్దగా సాగదీయడం కూడా రాకపోతే నేను తీసుకున్న జీతాలకు అర్థం లేదు.

అలమారా పైనుంచి దించి చూస్తే పాపం, గిటార్ అవతారం బాగాలేదు. నల్ల ఒళ్లు బానే ఉంది గాని, దాని మీదున్న ఇనుప సామానంతా మచ్చలు పడింది. శబ్దం పెంచే గుండ్రటి మీటలు, తీగలు బిగించే చెవులు, పట్టీ తగిలించే గుండీలు, వైరు గుచ్చే చోటున్న రేకు, చుట్టూ చిన్న చిన్న మరలు, అన్నిటికీ తుప్పే. మోతకు వీటితో పెద్ద సంబంధం లేదు, ఇదంతా పైపై సొగసు. ఆన్‌లైన్‌లో వెతికితే ఇవన్నీ కలిపి సెట్లుగా అమ్ముతున్నారు. వెండిలా మెరిసే క్రోమ్, నలుపు, బంగారం రంగు ఉన్నాయి. నేను బంగారం నొక్కాను.

"క్రోమ్ తెప్పించాల్సింది" అన్నాడు ఆయన డబ్బా చూసి.

"పెళ్లికూతురికి స్టీలు నగలు పెడతారా?" అన్నాను. కడప పిల్లకు నలుపు మీద బంగారం కాక ఇంకేం కనిపిస్తుంది?

ఇంటి నుంచి పనిచేసే రోజు చూసుకుని, అన్నాల బల్ల మీద పాత దుప్పటి పరిచి మొదలుపెట్టాను. ఒక పక్క లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగ్, ఇంకో పక్క ఫోన్‌లో గిటార్ విప్పే వీడియో. వీడియోలో మనిషికి ఒక పెద్ద గది నిండా పనిముట్లున్నాయి. నా దగ్గర ఇన్వర్టర్ బిగించినప్పుడు మిగిలిపోయిన స్క్రూడ్రైవర్లు, రెండు స్పూన్లు ఉన్నాయి. ముందు తీగలు వదులు చేసి తీసెయ్యమన్నాడు, తీశాను. మీటలను కింద గుడ్డ పెట్టి రెండు స్పూన్లతో ఎత్తమన్నాడు. మొదటిది కదల్లేదు. రెండోది కదలడమేమిటి, టప్పున ఎగిరి మూత తీసి ఉన్న టమాటా పప్పులో పడింది. గరిటెతో వెతికి తీశాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఆయన పప్పు బాగుందన్నాడు.

కొత్త మీటలు పెడితే వదులుగా గిరగిరా తిరిగాయి. కొలతల్లో ఏదో పిసరంత తేడా ఉందట. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఒక చుట్టు చుట్టి నొక్కితే కరుచుకుపోయాయి. పట్టీ గుండీ మర ఉన్న రంధ్రం కూడా వదులైపోయింది. అక్కడ సన్నటి పుల్ల ఇరికించి జిగురు వేయమన్నాడు వీడియో మనిషి. దేవుడి గూట్లో కాలిపోయిన ఊదుబత్తి పుల్లలు తీస్తుంటే అత్తమ్మ చూసింది.

అత్తమ్మ బోరబండ ఇల్లు కిరాయికిచ్చి మాతో ఉంటోంది. మంచి మనిషే గాని వారాల విషయంలో ఆమెతో పెట్టుకోకూడదు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఒక శుక్రవారం సాయంత్రం పక్కింటావిడ తోడుకు కాస్త పెరుగు అడిగితే ఇచ్చాను. "దీపాలు వెట్టినంక ఇంట్ల లక్ష్మిని ఎవలన్న బయటికి తోలుతరా?" అని అడిగి, ఆ వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ దెబ్బతో శుక్రవారం మా ఇంటి నుంచి సూది కూడా గడప దాటదు.

"ఊదుబత్తి పుల్లలతోని ఏం పని బిడ్డా?" అంది.

చెప్పాను. ఆమె వచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. పుల్లలు విరిచి ఇచ్చింది. మరలన్నీ ఒక చాయ్ సాసర్‌లో వేసి పెట్టింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

అంతా సవ్యంగా పోతుండగా గిటార్‌ను బోర్లించాను. వెనక, మెడ మొదట్లో, చిన్న రేకు ఉంది, మూలకొక మరతో. సెట్‌లో దానికీ బంగారు జోడు వచ్చింది. వీడియోలో ఆ భాగం ఇంకా రాలేదు. అయితేనేం, రేకే కదా, అలంకారానికి పెట్టి ఉంటారు అనుకుని నాలుగు మరలూ విప్పేశాను. విప్పి ఎత్తేసరికి ఒళ్లు బల్ల మీదే ఉండిపోయింది, మెడ నా చేతికొచ్చింది. ఆ రేకు కిందే గిటార్ ప్రాణమంతా ఉందని నాకెవరు చెప్పారు?

"అయ్యో అయ్యో, మెడ ఇరగ్గొట్టినవా బిడ్డా!" అని అత్తమ్మ గుండెలు బాదుకుంది.

నా లాప్‌టాప్ మ్యూట్‌లో లేదు. మీటింగ్‌లో ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. మా టీమ్ లీడ్ చాలా జాగ్రత్తగా, "ఎవరి మెడ?" అని అడిగాడు.

"గిటార్‌దండీ" అన్నాను.

 తర్వాతి అతను తన పని ఎంతవరకు వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు నా వంతు రాకుండానే మీటింగ్ ముగిసింది, నాకంతే చాలు.

విరగలేదని, మరలతో బిగించిందేనని అత్తమ్మను నమ్మించడానికి కాస్త పట్టింది. మళ్లీ బిగించాలంటే ఒకరు కదలకుండా పట్టుకోవాలి. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, మెడ కింద అరచెయ్యి పెట్టి, పసిపిల్లను నీళ్లకు పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను మరలన్నీ కొంచెం కొంచెంగా తిప్పాను. ఒకసారి తలెత్తి చూస్తే ఆమె గిటార్‌ను కాదు, కొడుకు గది తలుపును చూస్తోంది. లోపల ఆయన ఎవరికో ఇంగ్లీషులో సర్దిచెబుతున్నాడు.

తీగలు ఎక్కించి నిలబెట్టేసరికి గిటార్ ధగధగలాడింది. ఆయన బయటికొచ్చి చూసి, "పైన పటారం, లోన లొటారం" అని నవ్వి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు. అత్తమ్మ మాత్రం ఒక్కో మీటనూ వేలితో తాకి చూసింది.

"గిది బంగారమేనా?"

"పూత అత్తమ్మా. బంగారు పూత."

"పూతైతేంది, బంగారం బంగారమే" అని తాకిన వేళ్లు కళ్లకద్దుకుంది. నేను ఆ మాట విని నవ్వుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ మాట ఎప్పుడైనా పనికొస్తుందని దాచిపెట్టుకున్నాను.

అనుకున్నదాని కంటే ముందే పనికొచ్చింది. ఎందుకంటే నా పథకం నా మీదికే తిరిగింది. తుప్పు పట్టి ఉన్నప్పుడు ఎవరూ కన్నెత్తి చూడని గిటార్, నగలు పెట్టుకున్నాక అందాలరాశి అయిపోయింది. మా ఆయన ఏదో మీటింగ్ మధ్యలో ఖాళీ దొరికితే ఒక ఫోటో తీసి, పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టేశాడు. సాయంత్రానికి నా ఫోన్ మోగుతూనే ఉంది. నంబరు నాదే ఇచ్చాడు, అమ్మకం పని నాకొదిలెయ్యమన్నాను కదా. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని తెలిసి వచ్చింది.

అప్పుడు శుక్రవారం గుర్తుకొచ్చింది.

మెసేజ్ పెట్టినవాళ్లందరి ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. నల్ల కళ్లద్దాల వాళ్లు, మోటార్‌సైకిళ్ల వాళ్లు వద్దు. మదీనాగూడ నుంచి ఒకతను కనిపించాడు, మెడలో మాల, నుదుట విభూతి, పక్కన వాళ్లమ్మ. నాకు కావలసిన మనిషి దొరికాడు. శనివారం వస్తానండి అన్నాడు. శుక్రవారం సాయంత్రమైతేనే వీలవుతుందన్నాను. పాపం, సరేనండి అన్నాడు.

గురువారం సాయంత్రం అత్తమ్మ మామూలుగానే మర్నాటి పూజకు ఇత్తడి సామాన్లు చింతపండు పెట్టి తోమింది. హాల్లో గిటార్ పక్కన కూడా చింతపండు వాసన వచ్చింది. ఏమిటని అడిగితే, "దుమ్ము వడితే తుడిసిన" అంది. ఎవరో కొనేవాళ్లు రేపు దీపాల వేళకు వస్తున్నారని నేను ఆమెకు చెప్పలేదు. ఫోన్‌లో అతనితో మాట్లాడుతున్నప్పుడు ఆమె పక్కనే బియ్యం ఏరుతోంది, అంతే.

శుక్రవారం వచ్చింది. గడపకు పసుపు, గూట్లో దీపం, ఇల్లంతా ఊదుబత్తి వాసన. పొయ్యి మీద కుక్కర్. అతను గేటు దగ్గర నుంచి ఫోన్ చేసి, పైకొచ్చి, చెప్పులు బయటే విడిచి, సోఫా అంచున కూర్చున్నాడు. మా ఆయన హెడ్‌ఫోన్స్ మెడకు దించుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతను గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, "ఫోటోలో కన్నా బాగుందండి" అన్నాడు.  అత్తమ్మ ఇంకా వంటింట్లోంచి రాలేదు. ఒకవేళ ఆమె ఏమీ అనకపోతే? దానికి నా పథకంలో చోటు లేదు.

చాయ్ పట్టుకుని అత్తమ్మ వచ్చింది. అతనికి కప్పు అందించి, గిటార్ వైపు చూసి, అప్పుడే తెలిసినట్టు అడిగింది.

"ఏంది బిడ్డా, గిది తీస్కపోతానికి వచ్చినవా?"

"అవునండి, అమ్మా."

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారమం..." అతను కప్పు కింద పెట్టాడు.

"దీపాలు వెట్టిన. బంగారమున్న వస్తువు ఇంట్లకెళ్లి ఎట్ల గడప దాటిస్తం? నువ్వే జెప్పు. మీ ఇంట్లయితే ఇస్తరా?"

"ఇవ్వరండి" అన్నాడు అతను, చాలా నిజాయితీగా.

"అమ్మా, అది బంగారం కాదు. ఉత్త పూత" అన్నాడు మా ఆయన.

"లక్ష్మిదేవికి గూడ పటంల ఉత్త రంగే ఉంటది. మరి మొక్కుతలేమా?" అంది అత్తమ్మ.  నేను ఫ్యాన్ వైపు చూస్తున్నాను.

"సరే, రేపు వచ్చి తీసుకుంటాడు."

"రేపు శనారం. ఆ తీగలు ఇనుముయి గావా? శనారం ఇనుము ఇంటికి తెచ్చుకుంటవా బిడ్డా?"

"లేదండి, మా అమ్మ చంపేస్తదండి."

"పోనీ ఆదివారం" అన్నాడు మా ఆయన.

"అమాస."

"సోమవారం?"

"సోమవారం నాకు షిఫ్ట్ ఉందండి" అన్నాడు అతనే, తప్పు తనదైనట్టు.

"మంగళారం ఎట్లాగు ఎవలు ఇయ్యరు" అని అత్తమ్మ ముగించింది. మా ఆయన నా వైపు తిరిగి, "శుక్రవారం రమ్మని ఎవరు చెప్పారు?" అన్నాడు. "మీరే కదండీ అమ్మకం పని నాకొదిలేశారు" అన్నాను.

అతను ఎటూ తేల్చుకోలేక వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. విషయం విన్నాక ఆవిడ స్పీకర్‌లో పెట్టమంది. "వద్దు నాన్నా. శుక్రవారం పూట వాళ్లింటి లక్ష్మిని పట్టుకొస్తే మనకేం కలిసొస్తది? లేచొచ్చెయ్" అని, "వదినగారూ, ఏమీ అనుకోకండి, చిన్నోడు, తెలీక వచ్చాడు" అంది. అత్తమ్మ ఫోన్ దగ్గరికి జరిగి, "గట్ల అనకుండ్రి వదినా, మంచి పిలగాన్ని కన్నరు" అంది. ఇక ఇద్దరూ అందుకున్నారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మోకాళ్ల నొప్పులకు ఏం రాస్తారు, అన్నీ వచ్చాయి. గిటార్ గొడవ ఆ ఇద్దరు వదినల మధ్య తేలిపోయింది. మేం ముగ్గురం ఎవరింట్లోనో కూర్చున్నట్టు కూర్చున్నాం.

"ఇంత దూరం ఎలాగూ వచ్చాను కదండి, ఒక్కసారి వాయించి చూడొచ్చా?" అన్నాడు అతను.

మా ఆయన లోపలికి వెళ్లి పాత స్పీకర్ డబ్బా తెచ్చి తగిలించాడు. దాని మీద ధూళి అలాగే ఉంది. అతను తీగలు మీటాడు. మెడ విప్పి బిగించింది నేను, శ్రుతి సంగతి నాకేం తెలుసు? ఘోరంగా మోగింది. అతను మర్యాదస్తుడు, ఇంకా మీటుతూనే ఉన్నాడు. మా ఆయన మొహం చూడాలి. కూరలో ఉప్పు లేకపోయినా పట్టించుకోని మనిషి, పన్ను నొప్పి వచ్చినట్టు దవడ పట్టుకున్నాడు.

"అది శ్రుతిలో లేదు. ఇలా ఇవ్వు" అన్నాడు.

గిటార్ ఒళ్లోకి తీసుకుని, దాని మీదికి వంగి, బంగారు చెవులు ఒక్కొక్కటే తిప్పాడు. మెడకున్న హెడ్‌ఫోన్స్ అడ్డొస్తుంటే తీసి సోఫాలో పడేశాడు. తర్వాత, సరిగ్గా ఉందో లేదో చూడటానికన్నట్టు, ఏదో వాయించాడు. వేళ్లు తడబడ్డాయి. ఒకచోట తప్పు పడితే నాలుక కరుచుకుని మళ్లీ వాయించాడు. ఇంకొంచెం వాయించాడు. ఆ పాటే. పేరు తెలియకపోయినా ఆ పాట నాకు తెలుసు.

ఫోన్‌లో రెండో వదిన మాట ఆగిపోయింది. "ఎవరు నాన్నా వాయించేది?" అంది. 

అంతలో వంటింట్లో కుక్కర్ కూత వేసింది. బోరబండ రైలుకేమీ తీసిపోని కూత. ఆయన చెయ్యి ఆగింది. కూత పూర్తయ్యేదాకా అలాగే ఆగి, తలెత్తి నా వైపు చూశాడు. నవ్వాడు. కూత ఆగాక, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకున్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊదుబత్తి పొగ అని అబద్ధమాడటానికి కూడా మనసు రాలేదు. సోఫాలో హెడ్‌ఫోన్స్ టింగు టింగుమంటూనే ఉన్నాయి, ఆయన అటు చూడలేదు.

వెళ్లేటప్పుడు అతను చెప్పులేసుకుంటూ, "ఇది మీరే ఉంచుకోండి సార్. అమ్మకండి" అన్నాడు. మా ఆయన అతని భుజం తట్టాడు. అత్తమ్మ అతని చేతిలో రెండు అరటిపళ్లు పెట్టింది. ప్రసాదమైతే శుక్రవారం బయటికివ్వచ్చట.

ఆయన అతన్ని దింపడానికి లిఫ్ట్ దాకా వెళ్తే, నేను గిటార్‌ను గోడకు ఆనించబోయాను. గెలిచిన గర్వంతో ఉన్నాను. గడపా, లక్ష్మీ, అమాసా అన్నీ అనుకున్నట్టే పనిచేశాయి. అత్తమ్మ అమాయకత్వాన్ని ఇలా వాడుకున్నందుకు కొంచెం సిగ్గు కూడా పడుతున్నాను. అప్పుడు వేలికి అడుగున ఉన్న పట్టీ గుండీ తగిలింది. వంగి చూశాను. బంగారం లేదు. తెల్లగా, వెలవెలబోతూ ఉంది. అంచున చిన్న చింతపండు పీచు ఇరుక్కుని ఉంది.

పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తమ్మ కొత్తిమీర తుంచుతోంది.

"అత్తమ్మా, దీన్ని చింతపండుతో తోమారా?"

"నిన్న బిందె తోముకుంట జర దాన్ని గూడ రుద్దిన, మెరుస్తదని. రెండు రుద్దులకే ఊడింది పూత" అంది, తలెత్తకుండా.

"అంటే బంగారం కాదని మీకు..."

"తెల్వకేంది? పుట్టినకాడికెళ్లి బంగారం జూస్తున్న. గుండీలకు బంగారమెవడు వేస్తడు?" కొత్తిమీర పక్కన పెట్టింది. "నువ్వు శుక్కురారమే రావాలె, శుక్కురారమే రావాలె అని ఆ పిలగానికి ఫోన్ల ఎందుకు జెప్పినవో గూడ ఎరుకనే. నేను చెవిటిదాన్నా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని వినడమే గాని, ఆ తల తన్నే మనిషి మా ఇంట్లోనే కొత్తిమీర తుంచుతోందని నాకు తెలియదు.  "మరి మీకు గిటార్ చప్పుడంటే పడదు కదా?" అన్నాను చివరికి.

"బోరబండల పడకపోయేది. వాడు డాబా మీద వాయిస్తుంటే కిందికెళ్లి ఒర్లేదాన్ని, బంద్ జెయ్యిరా, తల పలుగుతుందని. ఒకనాడు బంద్ జేసిండు." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు తలుపేస్కోని ఆ డబ్బాలకే మాట్లాడతడు. నా కొడుకు ఇంట్ల ఉన్నడో లేడో నాకు సమజైతలేదు బిడ్డా. ఆ టంగు టంగు ఉంటే ఉన్నడని తెలుస్తది."

 ఆమె పక్కన నిలబడి మిగిలిన కొత్తిమీర తుంచడం మొదలుపెట్టాను. హాల్లో తలుపు చప్పుడైంది. ఆయన తిరిగొచ్చాడు. గోడ దగ్గర గిటార్ లేదని, "ఏదీ అది?" అని అరిచాడు. నేను వెళ్లి ఇచ్చి వచ్చాను. సోఫా కిర్రుమంది. తీగ మోగింది, ఇంకోటి మోగింది.

అత్తమ్మ చెయ్యి తుడుచుకుని పొయ్యి వైపు చూసింది.

"జర ఆ కుక్కర్ మంట తగ్గియ్యి బిడ్డా" అంది. "కూత వెడితే వాడు మళ్ల ఆగుతడు."